సభ జరగలేదు, తీర్మానం మాత్రం పాసైంది. పీసా కార్యదర్శిగా నేనేం చేయాలి?

కొండదారి
మాది పాడేరు వైపు ఒక గూడెం. డెబ్బై గడప. గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకి వర్తించే పీసా చట్టం కింద కమిటీ ఎన్నికలు జరిగితే చేతులెత్తి నన్ను కార్యదర్శిని చేశారు. డిగ్రీ చదివాను, ఊళ్లోనే ఉంటాను, ఫోన్‌కి సిగ్నల్ అందే బండ ఎక్కడుందో తెలుసు. అంతకు మించి అర్హతేం లేదు. జీతం లేదు, ఆఫీసు లేదు. రబ్బరు స్టాంపు కూడా నా డబ్బుతో నేనే చేయించుకున్నాను.

మా కొండ అవతల నల్లరాయి క్వారీకి ఎవరో లీజు అడిగారు. ఆ సంగతి మాకు పోయిన వారమే తెలిసింది. వేరే పని మీద ఒక ఆఫీసుకి వెళ్తే అక్కడ ఫైల్లో మా గ్రామసభ తీర్మానం కనిపించింది. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాసి ఉంది. కింద 63 సంతకాలు, వేలిముద్రలు. అందులో మా పెద్దమ్మ వేలిముద్ర కూడా ఉంది. ఆవిడ పోయి రెండేళ్లయింది.

కార్యదర్శి గడి ఒక్కటే ఖాళీ. ఇప్పుడు అందులో సంతకం పెట్టమని రోజూ ఎవరో ఒకరు ఇంటికొస్తున్నారు. రిజిస్టరు చంకలో పెట్టుకుని వస్తారు, మళ్లీ చంకలోనే పట్టుకుపోతారు, ఒక్క పేజీ తిప్పనివ్వరు. లీజు అడిగింది నాకు బాబాయి వరసయ్యే ఆయన పేరు మీద. ఆయనకి సైకిలు కూడా లేదు. మరి పొక్లెయిను ఎవరిదో మీరే చెప్పండి.

సంతకం పెట్టను, అందులో అనుమానం లేదు. కానీ పెట్టకుండా కూర్చోవడం తప్ప ఇంకేం చేయగలను? ఈ పీసా చట్టానికి నిజంగా పళ్లున్నాయా, బోసినోరేనా?

బొంగుచికెన్
పెద్దమ్మ పైనుంచి దిగొచ్చి మరీ వేలిముద్ర వేసి వెళ్లిందంటే క్వారీ మీద ఎంత ప్రేమో!

కొండదారి
నవ్వొచ్చింది అన్నా, కానీ ఇంట్లో చెప్తే మా పెద్దనాన్న ఏడ్చాడు.

బొంగుచికెన్
సారీ తమ్ముడూ. నోరు జారింది.

చట్టంపుస్తకం
పళ్లున్నాయి. కానీ ఒక పన్ను ఊగుతోంది, అది ఏదో చెప్తాను.

1996 డిసెంబర్ 24న వచ్చిన కేంద్ర చట్టం ఇది. భూరియా కమిటీ సిఫార్సుల మీద కట్టింది. అందులో సెక్షన్ 4 గుండెకాయ. 4(డి) ప్రకారం తన ఆచారాలు, ఉమ్మడి వనరులు, తగవులు తీర్చుకునే పద్ధతి కాపాడుకునే సమర్థత గ్రామసభకి ఉంది. ఇక్కడ మాట జాగ్రత్తగా గమనించండి. ‘అధికారం ఇస్తున్నాం’ అనలేదు, ‘సమర్థత ఉంది’ అన్నారు. అంటే ఎవరో పెట్టిన భిక్ష కాదు.

ఇక మీ క్వారీ. 4(కె) చూడండి. చిన్న తరహా ఖనిజాల లీజుకి ముందు ‘గ్రామసభ గానీ, తగిన స్థాయి పంచాయతీ గానీ’ సిఫార్సు చేయడం తప్పనిసరి. ఊగే పన్ను ఆ ‘గానీ’. ఆ సందులోంచే లారీలు దూరిపోతాయి. గూడెం ఒప్పుకోకపోతే పంచాయతీ కాగితం తెస్తారు. భూసేకరణ దగ్గరైతే ఇంకా పలచన, ‘సంప్రదించాలి’ అన్నారంతే. సంప్రదించడమంటే అడగడం. విని తీరాలని ఎవరూ రాయలేదు.

అయితే మీ కేసులో వాళ్లు గ్రామసభ కాగితమే వాడుకున్నారు కదా. అది దొంగదని తేలితే ఫైలు మొత్తం కూలుతుంది. ముందు సమాచార హక్కు కింద ఆ తీర్మానానికి ధ్రువీకరించిన నకలు అడగండి. పెద్దమ్మగారి మరణ ధ్రువపత్రం జత చేసి ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, కలెక్టర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాట వద్దు.

ఒప్పుకోను_సార్
ఇలాంటి చర్చా దారాలు చూసినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. స్వపరిపాలన, జల్ జంగల్ జమీన్, వినడానికి బాగుంటాయి. మా చుట్టాల ఊరి నుంచి నిండు గర్భిణిని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తారు. గ్రామసభ రోడ్డు వేస్తుందా? నిధులు లేవు, ఇంజినీరు లేడు. క్వారీ వస్తే కనీసం లారీల కోసమైనా రోడ్డు పడుతుంది.

లక్ష్మక్క_అడ్డతీగల
@ఒప్పుకోను_సార్ లారీల కోసం వేసిన రోడ్డు క్వారీ దాకానే వెళ్తుంది బాబూ, మా ఇంటి దాకా రాదు. కళ్లతో చూసిన సంగతి చెప్తున్నాను.

రిటైర్డ్_మాస్టారు
నేను ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాలల్లోనే ముప్పై ఏళ్లు పనిచేశాను. కొన్నాళ్లు అనంతగిరి మండలంలో ఉన్నాను. బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఆ చుట్టుపక్కల గనుల మీద ఎంత పెద్ద కేసు నడిచిందో తెలియదు. సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జూలైలో తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడికి బదిలీ చేయకూడదన్నప్పుడు ఆ ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వం కూడా వస్తుందన్నారు. అంటే సర్కారు తన భూమిని కూడా బయటి కంపెనీకి గని లీజుకి ఇవ్వడానికి లేదు. అసలు మలుపు అక్కడే.

ఆ తలుపు మూశాక కిటికీ వెతికారు. మన కొండదారి బాబాయిగారే ఆ కిటికీ. పేరు గిరిజనుడిది, పెట్టుబడి మైదానంవాడిది. నా పాత విద్యార్థి ఒకడు ఇలాగే పేరు అరువిచ్చాడు. ఏడాదికి ముప్పై వేలు ఇచ్చారట. తర్వాత బకాయిల నోటీసు వచ్చింది చూడండి, అది మాత్రం సొంతంగా వాడి పేరు మీదే వచ్చింది. మీ బాబాయిగారిని శత్రువుగా చూడకండి. కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి.

కొండదారి
మాస్టారూ, ఈ నోటీసు సంగతి నాకు తట్టలేదు. రాత్రికే వెళ్తాను.

మూడోతరం
నా మాట ఎవరికీ నచ్చదని తెలిసే రాస్తున్నాను. మా తాత 1940ల్లో ఏజెన్సీకి వచ్చి కిరాణా కొట్టు పెట్టాడు. నేను ఇక్కడే పుట్టాను, ఇక్కడి సంతల్లోనే పెరిగాను, కువి భాష కొద్దిగా మాట్లాడతాను. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదనే 1/70 చట్టం వల్ల ఉంటున్న ఇల్లు అమ్ముకోలేను, పక్క జాగా కొనుక్కోలేను. బ్యాంకు అప్పు ఇవ్వదు. మీ స్వపరిపాలనలో మాలాంటి వాళ్ల చోటేది?

జోడేఘాట్_పోరడు
@మూడోతరం అన్నా, నీ బాధ అబద్ధం అంటలేను. కానీ 1970లో ఆ సవరణ ఊరికే రాలే. కిరాణా కొట్లల్ల ఉప్పుకు, బట్టకు అప్పు రాసి భూములు పోయినయి. మా తాత రెండెకరాలు ఒక గొంగడికి పోయిందని మా అవ్వ ఇప్పటికీ చెప్తది. మీ తాత అట్ల చేసిండని అంటలేను.

మూడోతరం
మా తాత చేశాడో లేదో నాకూ తెలీదు తమ్ముడూ. పాత పద్దుల పుస్తకాలు అటక మీద ఉన్నాయి. ఎప్పుడూ తెరిచి చూడలేదు.

సీలేరు_చేప
ఈ దారంలో ఇంతకన్నా నిజాయితీగా ఎవరూ మాట్లాడలేదు.

జోడేఘాట్_పోరడు
అసలు మా దగ్గర చట్టం కోసం ఆగలే. గోండు గూడేలల్ల రాయిసెంటర్ ఉంటది. ఊరికి పటేల్, ఆయనకు దేవారి, మహాజన్ తోడు. కొన్ని ఊర్లకు కలిపి రాయిసెంటర్, దానికి సార్‌మేడి. భూమి గట్టు తగవు, పెండ్లి తగవు, దండుగ అన్నీ అక్కడే తేలుతయి. పోలీస్ స్టేషన్ ఎక్కేటోడు తక్కువ. కేస్లాపూర్ నాగోబా జాతర దర్బార్‌కు కలెక్టరే వచ్చి మా ముందు కూర్చుంటడు. కుమ్రం భీం 1940 సంవత్సరంల జోడేఘాట్‌ల పాణమిచ్చింది దీని కోసమే. గోండుల మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర మార్లవాయిల ఉండి నిజాం సర్కారుకు చెప్పింది కూడా ఇదే, ‘వీళ్లకు పాలించుకునుడు వచ్చు, భూమి మాత్రం వాపసియ్యిండ్రి’ అని. ‘మావ నాటే మావ రాజ్’ అంటం. మా ఊర్ల మా రాజ్యం.

లక్ష్మక్క_అడ్డతీగల
@జోడేఘాట్_పోరడు బాగుంది తమ్ముడూ. మరి ఆ రాయిసెంటర్‌లో ఆడవాళ్లు ఎంతమంది కూర్చుంటారు? కూర్చుంటారా, లేక వెనక నిలబడి వింటారా?

జోడేఘాట్_పోరడు
ఎనక కూర్చుంటరు అక్కా. ఇప్పుడిప్పుడు మారుతున్నది.

లక్ష్మక్క_అడ్డతీగల
ఈ ‘ఇప్పుడిప్పుడు’ మా అమ్మ కాలం నుంచి వింటున్నాను.

మా ఊళ్లో జరిగింది చెప్తాను. బెల్టు షాపు పెట్టారు. మగవాళ్లు సాయంత్రానికి అక్కడే. పీసా చట్టంలో మత్తు పదార్థాల మీద గ్రామసభకి అధికారం ఉందని ఒక చదువుకున్న పిల్ల చెప్పింది. సభ పెట్టమంటే పెద్దలు ‘వచ్చే నెల’ అన్నారు, ఆ తర్వాత నెల కూడా అదే మాట. చివరికి మేమే డప్పు కొట్టించాం. 80 మందిమి వచ్చాం, మగవాళ్లు పదకొండు మంది. తీర్మానం రాయడానికి కూర్చుంటే రిజిస్టరు లేదు, అది పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంది, తాళం ఇంకొకరి దగ్గర ఉంది. మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకం తెచ్చి, ముందున్న కూడికలు తీసివేతలు చింపేసి రాశాం. ఆ పుస్తకమే మా రాజ్యాంగం అనుకోండి. షాపు ఆ వారమే పోయింది. ఆరు నెలలకి మళ్లీ ఇంకో సందులో వచ్చింది, మళ్లీ డప్పు కొట్టాం. ఒక్కసారితో అయ్యే పని కాదిది.

ఇప్పసారా సంగతి అడక్కండి. అది దేవుడికి పెట్టేది, బెల్టు షాపులో దొరికేది కాదు.

బొంగుచికెన్
కూడికలు తీసివేతల మీద కట్టిన రాజ్యాంగం! అక్కా, మ్యూజియంలో పెట్టాలి.

సిరొంచ_సరిహద్దు
మేము మహారాష్ట్రలో ఉన్న తెలుగోళ్లం, గడ్చిరోలి జిల్లా. మా జిల్లాలోనే ధానోరా తాలూకాలో మెండా లేఖా అనే గోండు ఊరుంది, విన్నారా? వంద గడప దాకా ఉంటుంది. ‘ఢిల్లీ ముంబైలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అన్నది వాళ్ల నినాదం. ఓటింగు పెట్టరు, అందరూ ఒప్పుకునే దాకా మాట్లాడతారు. ఒక విషయం అర్థం కాకపోతే దాని మీద చదువుకోవడానికి విడిగా కూర్చుంటారు, దానికి అభ్యాస మండలి అని పేరు. నిర్ణయం ఆ మండలిలో తీసుకోరు, సభలోనే.

అటవీ హక్కుల చట్టం కింద 2009లో వాళ్లకి దాదాపు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. వచ్చింది కానీ వెదురు నరికి అమ్ముకుంటామంటే అటవీ శాఖ రవాణా పర్మిట్ ఇవ్వలేదు. వెదురు చెట్టు కాబట్టి కుదరదన్నారు! గడ్డి జాతి అని బడిపిల్లాడు కూడా చెప్తాడు. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ ఊరికొచ్చాక పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. గమనించండి, హక్కు పత్రం 2009లో వచ్చినా రాజ్యం వచ్చింది పర్మిట్ పుస్తకం వచ్చాకే. లక్ష్మక్క చెప్పిన బీరువా తాళం లాంటిదే.

@ఒప్పుకోను_సార్ నిధుల గురించి అడిగారు. మా జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకు తామే వేలం వేసుకుంటున్నాయి. మోసపోయినవి కూడా ఉన్నాయి. కాంట్రాక్టరు అడ్వాన్సు ఇచ్చి మిగతాది ఎగ్గొట్టాడని మా పక్క ఊళ్లోనే గొడవ. కానీ ఆ గొడవ వాళ్లే పడ్డారు, వాళ్లే మరుసటి ఏడు ముందే డబ్బు కట్టమన్నారు.

ఒప్పుకోను_సార్
సరే, వెదురు, తునికాకు ఉన్న ఊళ్లకి. ఏమీ లేని ఊళ్ల సంగతి? అడవి కొట్టేసి జీడిమామిడి వేసిన చోట?

సిరొంచ_సరిహద్దు
దానికి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను.

ఫీనిక్స్_శ్రీను
అరిజోనాలో ఉంటాను. మొదట్లో ‘నవాహో నేషన్’ అని బోర్డు చూసి ఏదో టూరిస్టు పేరనుకున్నాను. కాదు, నిజంగానే నేషన్. అమెరికా ప్రభుత్వంతో 1868లో ఒప్పందం ఉంది. విండో రాక్ రాజధాని. ప్రెసిడెంటు, కౌన్సిలు, కోర్టులు, పోలీసులు అన్నీ వాళ్లవే.

మీ చర్చకి దగ్గరగా ఉన్నది కింది మెట్టు. వాళ్లకి 110 చాప్టర్లు ఉన్నాయి. చాప్టర్ అంటే అచ్చం మన గ్రామసభే. పని మీద ఒక చాప్టర్ హౌస్‌కి వెళ్లాను. పెద్ద హాలు, ఇనుప కుర్చీలు, ఒక మూల స్టవ్ మీద గొర్రెమాంసం పులుసు ఉడుకుతోంది. మొదటి గంట నీళ్ల ట్యాంకరు గురించే. ముసలావిడ ఒకావిడ నవాహోలో పావుగంట మాట్లాడింది, ఎవరూ అడ్డు రాలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ మా తాతగారి ఊరి రచ్చబండ గుర్తొచ్చింది. పులుసు బాగుంది, ఉప్పు కాస్త తక్కువ.

1998లో వాళ్లు లోకల్ గవర్నెన్స్ చట్టం చేసుకున్నారు. చాప్టర్ ముందు తన లెక్కలు, కొనుగోళ్లు, రికార్డులు ఎలా నడుపుతుందో పద్ధతి రాసుకుని నిరూపించుకోవాలి. అప్పుడు పై నుంచి కొన్ని అధికారాలు దిగుతాయి. ఇంకోటి, 1982 నుంచి వాళ్ల కోర్టుల్లో పీస్‌మేకింగ్ అని ఉంది, పెద్దమనిషి సమక్షంలో రెండు కుటుంబాలూ కూర్చుని తగవు తేల్చుకోవడం. రాయిసెంటర్‌ని కోర్టులో భాగం చేసినట్టు.

గనుల మాటొస్తే, యురేనియం తవ్వకాలతో ఎంతోమంది జబ్బుపడ్డారు. 2005లో వాళ్ల కౌన్సిలే తమ భూమిలో యురేనియం తవ్వకం నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టమే చేసుకున్నారు, సిఫార్సు కాదు.

బడిగంట
అక్కడ నేషన్ అంటే ప్రెసిడెంటు ఉంటాడు. ఇక్కడ ఆ మాట అంటే కేసు ఉంటుంది. జార్ఖండ్ ఖూంటీలో 2017, 18ల్లో ఊరి పొలిమేరలో రాళ్లు పాతి వాటి మీద రాజ్యాంగంలో ఉన్న వాక్యాలే చెక్కారు, ‘పథల్‌గడీ’ అని. గ్రామసభే పైన అన్నందుకు వేలమంది మీద కేసులు పెట్టారు, దేశద్రోహంతో సహా. 2019 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాకే వెనక్కి తీసుకుంటామన్నారు.

చట్టంపుస్తకం
@బడిగంట అక్కడ రాళ్ల మీద రాసినవాటిలో కొన్ని రాజ్యాంగంలో లేని అర్థాలు కూడా ఉన్నాయి. కానీ దానికి దేశద్రోహం కేసు పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఒడిశాలోని నియమగిరి కొండల్లో బాక్సైట్ గని కేసు చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండింటికి పన్నెండూ బాక్సైట్ వద్దన్నాయి. ఆ సభలు జిల్లా జడ్జి ఎదుట జరిగాయి. కొండదారిగారూ, మీకు పనికొచ్చే ముక్క అదే. ఎవరి ఎదుట, ఏ రోజు, ఎంతమంది. మీ సభకి బయటి సాక్షి ఒకరు ఉండేలా చూసుకోండి.

సీలేరు_చేప
నాదొక సందేహం. మా ఊళ్లో సభలో మాట్లాడేది ఒడియా కలిసిన మాట, రాసేది ఆఫీసు తెలుగు. ‘పైవిషయమై సుదీర్ఘంగా చర్చించి’ అని రాస్తారు. దానికి మా వాళ్లు తలూపుతారు. నాకే సగం అర్థం కాదు.

రిటైర్డ్_మాస్టారు
అందుకే రాశాక బిగ్గరగా చదివి, వాళ్ల భాషలో మళ్లీ చెప్పించి, ఆ తర్వాతే సంతకాలు. కొండదారి, ఇది మాత్రం మర్చిపోకు నాయనా. భాష తెలిసిన టీచర్ల కోసమే, ఏజెన్సీ బడుల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అంటూ 2000లో జీవో 3 తెచ్చారు, 2020లో కోర్టు కొట్టేసింది. తరగతిగదిలో ఆ లోటు ఎలా ఉంటుందో నేను చూశాను. నేనే తెలుగు తప్ప ఏమీ రాకుండా వెళ్లాను. మొదటి ఏడాది పిల్లలకి నేను నేర్పింది తక్కువ, వాళ్లు నాకు నేర్పిందే ఎక్కువ.

జల్‌జంగల్
జీవో 3 సరే, ఆ ఉద్యోగాలు అసలు ఆదివాసీలకి ఎన్ని వెళ్లాయి, లంబాడీలకి ఎన్ని

నిర్వాహకుడు
ఆ గొడవకి వేరే దారం ఉంది, 400 పోస్టులతో ఇంకా మండుతోంది. ఇక్కడికి లాక్కురాకండి. పై పోస్టులో మిగతాది తీసేశాను.

బొంగుచికెన్
నిర్వాహకుడు గారు ఏ షెడ్యూల్ కింద ఈ అధికారం వాడారు? గ్రామసభ ముందస్తు సిఫార్సు ఉందా?

నిర్వాహకుడు
తీర్మానం ఏకగ్రీవం. మా పెద్దమ్మ కూడా వేలిముద్ర వేసింది.

సీలేరు_చేప
😂 కొండదారీ, ఏమైంది? నాలుగు రోజులుగా కనబడలేదు.

కొండదారి
బండ ఎక్కడానికి తీరిక దొరకలేదు. అందరివీ చదివాను.

బాబాయి దగ్గరికి వెళ్లాను. నోటీసు సంగతి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ట్రంకు పెట్టెలోంచి ఒక కాగితం తీసి చూపించాడు. తెల్లకాగితం, కింద ఆయన సంతకం, పైన ఏమీ లేదు. ఇలాంటివి ఎన్ని ఇచ్చావని అడిగితే నాలుగు అన్నాడు. ఇది ఐదోది, ఇంకా తీసుకెళ్లలేదు. దాన్ని నాకిచ్చేశాడు. మా పిన్ని లోపలి నుంచి ‘మిగతా నాలుగూ ఎవడు తెస్తాడు’ అంటూనే ఉంది.

నకలు కోసం దరఖాస్తు పెట్టాను, రసీదు ఉంది. ఆదివారం సభ పెట్టాం. డప్పు కొట్టించాం, లక్ష్మక్క చెప్పినట్టే. పక్క పంచాయతీ నుంచి ఒక టీచరుగారు వచ్చి సాక్షిగా కూర్చున్నారు. పాడేరులో 200 పేజీల అట్ట పుస్తకం కొన్నాను. ఒకటి నుంచి రెండొందల దాకా పేజీలకి నంబర్లు మా చెల్లి వేసింది.

క్వారీ మొదట పెడదామనుకున్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. ఊట నీళ్ల పైపు పగిలి నెలైంది, ముందు అది అన్నారు. గంటన్నర దాని మీదే. ఎవరి పశువులు తొక్కాయన్న దగ్గర కొట్టుకునేదాకా వెళ్లింది. చివరికి ఇంటికి యాభై, రెండు ఇళ్లకి మినహాయింపు. రాశాను, చదివాను, మా అత్త మళ్లీ మా మాటలో చెప్పింది. ఆ పేజీకి 58 మంది సంతకాలు. మా పెద్దనాన్న చాలా నెమ్మదిగా వేలు అద్ది వేశాడు.

అప్పటికే చీకటి పడింది. క్వారీ వచ్చే శుక్రవారం సంత అయ్యాక. రిజిస్టరు పట్టుకొచ్చే ఆయన మొన్న మళ్లీ వచ్చాడు. మా దగ్గర వేరే పుస్తకం ఉందంటే చూపించమన్నాడు. సభలో చూపిస్తాం, శుక్రవారం రండి అన్నాను.

లక్ష్మక్క_అడ్డతీగల
పుస్తకం ఎవరింట్లో పెట్టావు?

కొండదారి
మా ఇంట్లో కాదు అక్కా. ఎక్కడో ఇక్కడ రాయను.